ఆ పలక ఏమైంది?

సముద్రపు ఒడ్డున ఆడుతూ పాడుతూ తిరిగే కుర్రకారు సినిమాల గురించి మన పత్రికలో రాయవలసినంత ఏమున్నదని ఆత్మకూరులో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో మిత్రుడొకరు నన్ను నిలదీశాడు. ఆయన వాదన కొట్టిపారేయదగ్గది కాదు. బోర్లు ఎండిపోయి, ఇళ్లకు తాళాలు వేసి, బెంగుళూరుకూ చెన్నపట్నానికీ కూలికి పోయే కుటుంబాలు మన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో ఉండగా, కాలిఫోర్నియాలో అలల మీద ఊరేగే కలిగినింటి పిల్లల కథ మనకెందుకు? విశాఖ తీరంలో ప్రేమించుకుని ప్రాణాలు తీసుకున్న మధ్యతరగతి జంట కథ మాత్రం ఎందుకు? ఇవి పలాయనవాద చిత్రాలు, ఇంతకుమించి చెప్పవలసింది లేదు అని ఆయన తీర్పు. నేను జవాబు సగం చెప్పేసరికి సమయం అయిపోయిందన్నారు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆయన అన్నదాంట్లో నేనొప్పుకునేది ముందే చెబుతాను. ఈ చిత్రాలన్నిటికీ ఒక వర్గ స్వభావమున్నది. బడి ముగిసిన తర్వాత, పని మొదలయ్యే లోపల, కొన్నేళ్ల తీరిక ఉన్నవాళ్లకే ‘టీనేజ్’ అనే వయసు ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ పెట్టుబడి ఆ తీరికను సంతకు తెచ్చింది. దానికి కారు కావాలి, పాటల రికార్డు కావాలి, ఈతదుస్తులు కావాలి, సినిమా టికెట్టు కావాలి. 1963లో వచ్చిన ‘బీచ్ పార్టీ’, దాని వెనక వరసగట్టిన చిత్రాలు ఆ సంత సరుకులే. వాటి జోలికి నేను పోను. కాని ఆ వరసకు దారి తీసిన చిత్రం, 1959 నాటి ‘గిడ్జెట్’, సంతలో అంత సులువుగా ఇమిడేది కాదు. దాని మొదటి సగం ఒక నిజం చెబుతుంది. రెండో సగం ఆ నిజాన్ని వెనక్కి తీసుకుంటుంది. రెండో సగం మీద కోపంతో మనం మొదటి సగాన్ని కూడా పారేస్తున్నామని నా ఫిర్యాదు.

దాని మూలం ఒక తండ్రి రాసిన నవల. ఫ్రెడెరిక్ కోనర్ యూదుడు. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఊళ్లో పుట్టి, జర్మనీలో సినిమాలకు రాస్తూ, హిట్లర్ అధికారానికి రావడంతో ఆ దేశం విడిచి హాలీవుడ్ చేరినవాడు. అతని కూతురు కాథీ 1956 వేసవిలో మాలిబు తీరానికి పోయి అక్కడి మగపిల్లల దగ్గర సర్ఫింగ్ నేర్చుకుంది. సర్ఫింగ్ అంటే పొడుగాటి పలక మీద బోర్లా పడుకుని లోపలికి ఈది, అల లేచే క్షణం కనిపెట్టి పలక మీద లేచి నిలబడి, అల విరిగేదాకా దానితోపాటు ఒడ్డుకు జారిరావడం. పలక ఎరువు అడగడానికి ఆ పిల్ల ఇంటినుంచి మగపిల్లలకు తిండి పట్టుకుపోయేది. ఆమె ఇంటికొచ్చి చెప్పిన కబుర్లే 1957లో నవల అయ్యాయి. ‘గర్ల్’ అనే మాటనూ, మరుగుజ్జు అని అర్థమిచ్చే ‘మిడ్జెట్’ అనే మాటనూ అతికించి మగపిల్లలు పెట్టిన ఎగతాళి పేరు గిడ్జెట్.

పాల్ వెండ్‌కోస్ దర్శకత్వంలో సాండ్రా డీ నాయికగా వచ్చిన చిత్రంలో ఫ్రాన్సీ అనే అమ్మాయిని స్నేహితురాళ్లు తీరానికి తీసుకుపోతారు. వాళ్లు పోయేది మగవాళ్లను పట్టడానికి. ఈ పిల్లకు ఆ విద్య చేతకాదు, ఆసక్తీ లేదు. నీళ్లలో దిగి నాచులో చిక్కుకుంటే ఒక కుర్రవాడు తన పలక మీద ఒడ్డుకు చేరుస్తాడు. ఒడ్డుకు చేర్చినవాడికంటే ముందు ఆమె మనసు పడింది పలక మీద. ఇంటికి పోయి పాత పలకొకటి కొనుక్కుంటానని డబ్బు అడుగుతుంది. ఇక్కడినుంచి కొంతసేపు ఈ చిత్రం చేసిన పని మన చిత్రాలు చాలా తక్కువసార్లు చేశాయి: ఆడపిల్ల ఒక విద్యను ఆ విద్య కోసమే కోరుకోవడం, దానికోసం నవ్వులపాలు కావడం, పడటం, మళ్లీ లేవడం. మన తెరమీద ఆడపిల్ల నాట్యం నేర్చుకుంటే పెళ్లిచూపులకో, నాయకుడి ఎదుట పాటకో పనికొస్తుంది. ఈ పిల్ల అల ఎక్కడం దేనికీ పనికిరాదు. అందుకే అది నాకు విలువైనదిగా తోస్తుంది.

చిత్రం తీసినవాళ్లకే ఆ విలువ తెలిసినట్టు లేదు. సాండ్రా డీ పలక మీద ఉన్న దగ్గరి దృశ్యాలు స్టూడియోలో వెనక తెర మీద సముద్రం ఆడించి తీసినవి. దూరపు దృశ్యాల్లో అల ఎక్కింది మిక్కీ మున్యోజ్ అనే యువకుడు. నెత్తిన విగ్గు, ఒంటిమీద ఆడవాళ్ల ఈతదుస్తులు. నిజంగా నేర్చుకుని నిలబడిన అమ్మాయి కథను తెరకెక్కించి, ఆ అమ్మాయి స్థానంలో మగవాడిని నిలబెట్టారు. ఆ తీరంలో అప్పటికే అల ఎక్కే ఆడవాళ్లు లేకపోలేదు.

ఒడ్డున గుడిసె వేసుకుని, ఉద్యోగం సద్యోగం లేకుండా, ఎక్కడ అలలుంటే అక్కడికి పోయే మనిషొకడు ఈ చిత్రంలో ఉన్నాడు. కొరియా యుద్ధంలో విమానం నడిపి వచ్చాడు. పేరు కహూనా. అది హవాయి మాట. పూజారి అని, ఒక విద్యలో ఆరితేరినవాడని అర్థం. సర్ఫింగ్ హవాయి ప్రజల విద్య. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వచ్చిన మిషనరీలు దాన్ని పనిచెడగొట్టే, సిగ్గుచెడిన ఆటగా చూశారు. 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకుంది. గిడ్జెట్ వచ్చిన 1959లోనే వాటిని తన రాష్ట్రంగా చేసుకుంది. దేశం తీసుకున్నారు, ఆట తీసుకున్నారు, ఆ ఆట గురువు పేరు తెచ్చి తెల్లవాడికి తగిలించారు. వలసవాదం సంగతి తెలిసిన మనకు దీనిమీద ఇంతకంటే వ్యాఖ్య అక్కరలేదు.

ముగింపు చూడండి. యుద్ధం చూసి వచ్చి, ఈ సమాజపు ఉద్యోగాలు నాకొద్దన్న కహూనా గుడిసె పీకి విమానం నడిపే కొలువులో చేరతాడు. నాయకుడు కాలేజీకి తిరిగిపోతాడు. ఫలానా మిత్రుడి కొడుకును ఒకసారి చూడమని తండ్రి మొదటినుంచీ పోరుతుంటే వద్దన్న ఫ్రాన్సీకి, ఆ కొడుకూ తీరాన తాను మనసుపడ్డవాడూ ఒకడేనని తెలుస్తుంది. తండ్రి చూసిన సంబంధమూ పిల్ల వలచిన సంబంధమూ ఒక్కటే కావడం మన తెలుగు సినిమాకు తాతలనాటి కిటుకు. అది మనకు మాత్రమే ఉన్న జబ్బనుకున్నాను. మగవాడిలోని మంచిని పైకి తేవడమే ఆడదాని గొప్పతనమనే అర్థం వచ్చే మాటలు కుట్టిన పటమొకటి ఆ ఇంటి గోడకు వేలాడుతుంటుంది. చిత్రం చివరికి ఆ పటం ముందు చేతులు కట్టుకు నిలబడుతుంది. కుర్రవాడు తన కాలేజీ పిన్నును ఆమెకు ఇస్తాడు. మన లెక్కన తాంబూలాలు పుచ్చుకున్నట్టు.

ఈ చిత్రంలోని కొన్ని భాగాలు మా బడిలో తొమ్మిదో తరగతికి చూపించాను. మా బడి ఉదయగిరి కొండ కనిపించే ఊళ్లో ఉంది. ఇప్పుడు తరగతి గదుల్లో పెద్ద తెరలు వచ్చాయి కనుక అది సాధ్యమైంది. సంభాషణలు ఆపి ఆపి తెలుగులో చెప్పాను. మా జిల్లాకు ఇంత పొడుగు సముద్రతీరమున్నా తరగతిలో సగంమంది సముద్రం చూడలేదు. వాళ్లకు మైపాడు ఎంత దూరమో మాలిబు అంతే దూరం. కథ అయిపోగానే అందరూ అడిగేదే అడిగారు: పెళ్లయిందా సార్? ఒక్క పిల్ల మాత్రం, ‘ఆ పలక ఏమైంది సార్?’ అన్నది.

నేను జవాబు వెతుక్కుంటున్నంతలోనే రెండో ప్రశ్న వచ్చింది: ‘ఏం చెక్క సార్ అది? ఎవురు చేస్తారు?’

ఆ పిల్ల అలా అడగడంలో ఆశ్చర్యం లేదు. వాళ్లమ్మ కొయ్య స్పూన్లు చెక్కుతుంది. ఉదయగిరి కొయ్య స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు పెద్ద ఊళ్ల అంగళ్లలో అమ్ముడుపోతాయి. కొండనుంచి తెచ్చిన నర్ది వంటి కర్రను కోసి, అరగదీసి, నునుపు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చెక్క చూస్తే అది ఎవరి చేతిలోనుంచి వచ్చిందని అడగడం ఆ ఇంటి చదువు. మన విమర్శకులు శ్రమదృష్టి అని వ్యాసాలలో రాసేది ఆ పిల్ల నోట ఒక ప్రశ్నగా వచ్చింది. జవాబు చెప్పాను: ఆ రోజుల్లో బాల్సా అనే తేలికైన కొయ్యను చెక్కి, పైన ఫైబర్‌గ్లాసు పూత వేసి చేసేవాళ్లు, తర్వాత కొయ్యపోయి నురుగు దిమ్మలు వచ్చాయి, హవాయివాళ్లు కోవా, విలివిలి చెట్ల కలపతో చేసుకునేవాళ్లు అని. చిత్రంలో మాత్రం ఒక్క పనివాడు కనిపించడు. పలకలు ఇసుకలో మొలిచినట్టుంటాయి.

మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, చిత్రంలోనూ లేదు. పిన్ను తగిలిన తర్వాత పలక సంగతి దర్శకుడికి పట్టలేదు. ఇది కథలో తెగిన దారమని శిల్పదృష్టితో అనవచ్చు. నాకలా అనిపించదు. నా దగ్గర పదో తరగతి పాసైన ఆడపిల్లలు కొందరు రెండు మూడేళ్లకే చంకన బిడ్డతో బస్టాండులో ఎదురై ‘బాగుండారా సార్’ అని పలకరిస్తారు. వాళ్లలో ఒకామె కబడ్డీలో మండలం దాటి పోయింది. ఒకామె పోతన పద్యం చదివితే పక్క తరగతివాళ్లు కిటికీల దగ్గరికి వచ్చి నిలబడేవాళ్లు. పిల్లా పాపా బాగున్నారా అని అందరూ అడుగుతారు. కబడ్డీ ఏమైందని అడిగేవాళ్లు లేరు.

ఇక మన చిత్రం. కె. బాలచందర్ ‘మరోచరిత్ర’ 1978లో వచ్చింది. రంగుల చిత్రాలు రాజ్యమేలుతున్న రోజుల్లో నలుపు తెలుపులో తీశాడు. విశాఖలో ఇరుగుపొరుగు ఇళ్ల పిల్లలు, తమిళుడు బాలు, తెలుగమ్మాయి స్వప్న. కమల్ హాసన్‌కు జోడుగా సరిత అనే కొత్త అమ్మాయి. నల్లని పిల్ల, పెద్ద కళ్లు. తెల్లతోలు లేనిదే నాయిక కాదనే పరిశ్రమలో అదొక ధిక్కారమే. భాష వేరని, ఆచారం వేరని పెద్దలు అడ్డం తిరుగుతారు. ఏడాదిపాటు చూసుకోకుండా, ఉత్తరాలు రాసుకోకుండా ఉంటే అప్పుడు ఆలోచిస్తామంటారు. పిల్లలు ఒప్పుకుంటారు. మాటలు గణేశ్ పాత్రోవి, పాటలు ఆచార్య ఆత్రేయవి. ఆత్రేయ అప్పటి నెల్లూరు జిల్లాలో, సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టినవాడు. చిత్రం డబ్బింగు లేకుండానే మద్రాసులో ఏడాది దాటి ఆడింది. 1981లో బాలచందరే హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీసి కథను గోవా తీరానికి మార్చాడు. అంటే కథకు విశాఖ అక్కరలేదు, సముద్రముంటే చాలు.

ఎందుకు సముద్రం? ఇంట్లో చోటు లేదు కనుక. తెలుగు సాహిత్యంలో ఆడది తన మనసు ప్రకారం బతకాలంటే ముందు ఇల్లు దాటాలి. చలం రాజేశ్వరికి మైదానం దొరికింది. స్వప్నకు ఇసుక తిన్నె. రెండూ ఎవరి గోడలూ లేని చోట్లు. రెంటిలోనూ అక్కడికి చేరడం దాకా రచయితకు ధైర్యముంది. అక్కడ ఎలా బతకాలన్న ప్రశ్న వచ్చేసరికి కత్తులు బయటికొస్తాయి. రాజేశ్వరి జైలుకు పోతుంది. స్వప్న మీద అత్యాచారం, బాలు మీద గూండాల దాడి జరిగి, ఇద్దరూ సముద్రంలో కలుస్తారు. ఏడాది షరతు గెలిచి వచ్చిన జంటను కులమూ భాషా అడ్డుకుని ఉంటే అది సమాజం చేసిన హత్య అయ్యేది. కథకుడు ఆ పని చేయలేదు. ఎవరో దుర్మార్గుల చేతికి కత్తి ఇచ్చి పెద్దలను తప్పించాడు. వాళ్లకు చివరికి మిగిలేది ఏడుపే తప్ప సంజాయిషీ కాదు. చిత్రాన్ని మెచ్చుకున్న ఆనాటి విమర్శకులు ఈ విషయాన్ని మరికొంచెం గట్టిగా పట్టుకోవలసింది.

ఇంకొకటి. కాల్చేసిన ఫోటో బూడిదను స్వప్న కలుపుకుని తాగే దృశ్యం అందరికీ గుర్తుంటుంది. నాకూ గుర్తుంది, ఆ నటికి దండం పెట్టాలి. కాని ఆ పిల్లకు ప్రేమించడం తప్ప మరొకటి వచ్చా? అంత పట్టుదల ఉన్న మనిషికి ఆ పట్టుదల పెట్టడానికి ఒక మగవాడు తప్ప వేరే వస్తువు లేదు. గిడ్జెట్ చేతిలో పలకన్నా ఉంది. ఒడ్డునే పుట్టి పెరిగిన స్వప్న సముద్రాన్ని పాటకు వాడుకుంది, చావుకు వాడుకుంది. అమెరికన్ చిత్రం పిల్లను సముద్రంలోనుంచి తీసి పెళ్లిపీటలకు దారి చూపింది. మన చిత్రం సముద్రంలో ముంచింది. అక్కడి పెట్టుబడి సమాజానికి తిరుగుబాటు చేసినవాళ్లను మళ్లీ కొలువుల్లోకీ సంసారాల్లోకీ ఇముడ్చుకునే స్తోమతు ఉంది. మన సగం భూస్వామ్య సమాజానికి అదీ లేదు. ఈ తేడా గమనించకుండా రెండింటినీ పలాయనవాదమని ఒకే గాటికి కట్టడం విమర్శ కాదు.

మరోచరిత్ర వచ్చిన 1978లోనే అమెరికాలో జాన్ మిలియస్ ‘బిగ్ వెడ్నెస్‌డే’ అనే సర్ఫింగ్ చిత్రం తీశాడు. 1962 నుంచి 1974 దాకా ముగ్గురు స్నేహితుల కథ. మధ్యలో వియత్నాం యుద్ధం వస్తుంది. ఒకడు సైన్యంలోకి పోతాడు, మరికొందరు తప్పించుకోవడానికి నానా వేషాలు వేస్తారు. దర్శకుడి రాజకీయాలు మనకు నచ్చేవి కావు. అయినా మా విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఆ చిత్రంలో ఉంది. చివర మహా అల వచ్చిన రోజు ఆఖరిసారి అల ఎక్కి, దెబ్బతిని ఒడ్డుకు చేరిన మ్యాట్‌కు ఒక కుర్రవాడు అతని పలక తెచ్చి ఇవ్వబోతే, నువ్వే ఉంచుకో, మళ్లీ ఇంత అల వస్తే ఎక్కుదువు అన్నట్టుగా చెప్పి వెళ్లిపోతాడు. మగవాడి పలకకు వారసుడున్నాడు. ఆస్తి లాగే విద్య కూడా మగవాడినుంచి మగవాడికి పోతుంది. గిడ్జెట్ పలకను అందుకోవడానికి ఏ చిత్రమూ ఒక చిన్నపిల్లను ఒడ్డున నిలబెట్టలేదు.

మిత్రుడి అసలు అభ్యంతరానికి ఇప్పుడు వస్తాను. పనిలేని తీరికను మనం ఎందుకు మెచ్చుకోవాలి? మార్క్సు అల్లుడు పాల్ లఫార్గ్ 1880లో సోమరితనపు హక్కు కోసం ఒక పుస్తకమే రాశాడు. కార్మికుడు పని హక్కు ఒక్కటే అడిగి ఊరుకుంటే తన మెడకు తనే కాడి తగిలించుకున్నట్టని అతని వాదన. తీరిక కొద్దిమంది సొత్తు కావడం అన్యాయం. తీరిక కోరడం అన్యాయం కాదు. మన అభ్యుదయ సాహిత్యంలో పిల్లలు పెరిగే తీరు చూడండి. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’లో సుందరం చదువుతాడు, చదువుతూనే ఉంటాడు, ఆ చదువు దేనికని మనకు అనుమానం వచ్చేదాకా. గొప్ప నవల. దాని తర్వాత మనం రాసిన పిల్లలు ఎక్కువమంది పాలేరు తనంలోనో, పస్తుల్లోనో, పోరాటంలోనో పెద్దవాళ్లవుతారు. అది వాస్తవమే. కాని చెరువు నిండిన ఏడాది మా పిల్లలు బడి ఎగ్గొట్టి కలుజు దగ్గర నీళ్లలోకి ఎగిరి దూకడం కూడా వాస్తవమే. దాన్ని రాయడానికి మనకు మొహమాటం. సంతోషం బూర్జువాల ఆస్తి అని మనమే పట్టా రాసిచ్చాం.

‘నువ్వు చెప్పేది బాగుందబ్బయా, మనకు సముద్రం యాడుంది?’ అన్నాడు మిత్రుడు, సభ ముగిశాక టీ అంగడి దగ్గర. ఉంది. తమిళ తెలుగు తగాదా మీద కథ నడిపినవాళ్లు మా నెల్లూరు తీరం చూసి ఉంటే పట్టపువాళ్లు కనిపించేవాళ్లు. ఇంట్లో తమిళమూ తెలుగూ కలిసిన మాట మాట్లాడే మత్స్యకారులు. రెండు భాషలు ఒకే వంటింట్లో కాపురం చేస్తున్నాయి. విశాఖ తీరంలోనైతే జాలరులూ వాడబలిజలూ. వాళ్లు నాలుగైదు దుంగలు తాళ్లతో కట్టి చేసుకునే తెప్ప మీద అల విరిగే చోటు దాటి లోపలికి పోవడం, సరైన అల కోసం కాచుకుని దానితోపాటు ఒడ్డుకు రావడం ఏ సర్ఫింగుకూ తీసిపోని విద్య. తమిళుల కట్టుమరమే ఇంగ్లీషులో కెటమరాన్ అయింది. ఇప్పుడు మద్రాసుకు దక్షిణాన కోవళం, మహాబలిపురం తీరాల్లో మత్స్యకారుల పిల్లలే పలకలెక్కి పోటీలకు పోతున్నారు. 2021లో టోక్యోలో సర్ఫింగ్ ఒలింపిక్ ఆట కూడా అయింది. ఆ తీరం పిల్లలు అల మీద పెరగడం ఎప్పటినుంచో ఉన్నదే. కెమెరాలు ఇటు తిరిగినప్పుడు వాళ్లు నాయిక వెనక, దూరంగా, వలలు లాగుతూ ఉన్నారు. తెప్పలు ఒడ్డున బోర్లించి ఉంటే వాటిమీద నాయకుడు కూర్చుని పాడాడు.